వెనక్కి దారి

లినక్స్ మీద నడిచే రౌటర్ల బాగోగులు చూసేవాళ్ళకు లాగ్‌లో కనిపించే ఒక మాట బాగా పరిచయం. ‘ఫర్మ్‌వేర్ క్రాష్డ్!’ అని ఉంటుంది. ఆ ఆశ్చర్యార్థకం నేను చేర్చింది కాదు, ఏథ్‌10కె అనే వైఫై డ్రైవర్ రాసినవాళ్ళే పెట్టారు. దాని కింద 15 వరసలు, వరసకు నాలుగు చొప్పున 60 హెక్సాడెసిమల్ సంఖ్యలు. చిప్ కుప్పకూలిన క్షణంలో దాని రిజిస్టర్లలో ఏమేం ఉన్నాయో చెప్పే పట్టిక అది. కాసేపటికి ఇంకో మాట వస్తుంది, ‘డివైస్ సక్సెస్‌ఫుల్లీ రికవర్డ్’ అని. పడింది, లేచింది. హాల్లో సినిమా చూస్తున్నవాళ్ళకు బొమ్మ కొద్దిసేపు ఆగి మళ్ళీ కదిలింది, అంతే.

ఆ 60 సంఖ్యలను చదివి ‘ఫలానా చోట తప్పింది’ అని చెప్పగలిగినవాళ్ళు బహు కొద్దిమంది. ఆ ఫర్మ్‌వేర్ సోర్స్ కోడ్ చేతిలో ఉండాలి. అది చిప్ కంపెనీ దగ్గర, ఆ కంపెనీతో ఒప్పందం ఉన్న ఒకరిద్దరి దగ్గర తప్ప లేదు. చుట్టూ ఉన్న లినక్స్ కెర్నెల్‌ని ఎవరైనా చదవొచ్చు, డ్రైవర్‌ని చదవొచ్చు, నచ్చకపోతే మార్చుకోవచ్చు. చిప్ లోపల నడిచే ఆ కొన్ని వందల కిలోబైట్లు మాత్రం ఎలా ఇచ్చారో అలా తీసుకోవలసిందే. అది మారినప్పుడు మంచికి మారిందో చెడుకి మారిందో బయటినుంచి లక్షణాలు చూసి తేల్చుకోవాలి. ఈ పనిలో ఇన్నేళ్ళు గడిపాక నాకు గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ విషయంలో కొత్తది వేయడం చిన్న సంగతి. పాతదానికి తిరిగి వెళ్ళగలగడమే అసలు విద్య.

వైఫై చిప్ లోపల ఒక బుల్లి కంప్యూటర్ ఉంటుంది. సొంత ప్రాసెసర్, సొంత మెమరీ. కరెంటు తీయగానే ఆ మెమరీలో ఉన్నదంతా పోతుంది. అందుకే రౌటర్ లేచిన ప్రతిసారీ లినక్స్ తన ‘లిబ్’ ఫోల్డర్‌లోని ‘ఫర్మ్‌వేర్’ అనే చోట ఒక ఫైలు వెతికి, దాన్ని చిప్‌లోకి ఎక్కించి, ఇక నడువు అంటుంది. ఏ చిప్‌కి ఏ ఫైలు అన్నది డ్రైవర్‌కి తెలుసు. ఏథ్‌10కె అయితే ‘ఫర్మ్‌వేర్-6’ ఉందా అని చూస్తుంది, లేకపోతే 5, అదీ లేకపోతే 4, అలా కిందికి దిగుతుంది. రౌటర్ మొత్తానికి ఎక్కించే పెద్ద ఇమేజ్‌నీ ఫర్మ్‌వేర్ అనే అంటారు కాబట్టి ఇక్కడ చాలామంది తికమకపడతారు. పెద్దది ఫ్లాష్ మెమరీలో స్థిరంగా ఉంటుంది. వైఫై చిప్‌ది మాత్రం రౌటర్ లేచినప్పుడల్లా కొత్తగా ఎక్కేదే. ఇది తెలిస్తే సగం భయం పోతుంది. చిప్ ఫర్మ్‌వేర్ ఫైలు బాగాలేకపోతే చిప్ శాశ్వతంగా చెడిపోదు. ఫైలు మార్చి, కరెంటు అడాప్టర్ పీకి, కొద్దిసేపు ఆగి పెడితే చిప్‌కి పాత సంగతులేవీ గుర్తుండవు. పీకి పెట్టమని ఎందుకంటున్నానంటే, మామూలు రీబూట్‌లో చిప్‌కి కరెంటు ఆగకపోవచ్చు. వంకరగా నిలిచిపోయిన చిప్ వంకరగానే ఉండిపోవచ్చు. ‘రీబూట్ చేశానండీ, లాభం లేదు’ అన్నవాళ్ళని నేను అడిగే మొదటి ప్రశ్న, ప్లగ్గు తీశారా అని.

మా బాబాయి తెనాలిలో ఉంటారు. తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆదివారం ఉదయాలు డల్లాస్‌లో ఉన్న మనవలకు వీడియోలో పద్యాలు చెబుతారు. రౌటర్ కాస్త నీరసపడితే ఆయన గొంతు మధ్యమధ్యలో తెగిపోతుంది, అవతల పిల్లలు సీసం ఒక పాదం విని ఇంకో పాదం వినరు. ఒక పండక్కి వెళ్ళినప్పుడు ఆ రౌటర్‌లో వైఫై చిప్ ఫర్మ్‌వేర్ బాగా పాతదని చూసి మార్చబోతుంటే ఆయన పక్కకొచ్చి నిలబడ్డారు.

“ఏరా, బాగా పనిచేస్తున్నదాన్ని ఎందుకు కెలుకుతావు?”

“పనిచేస్తోంది గానీ బాబాయ్, లోపల ఒక కన్నం ఉంది. తెలిసినవాడెవడైనా దగ్గర్లో కూర్చుంటే మన మాటలు వినొచ్చు.”

“మరి కొత్తది దీనికి పడకపోతే?”

“పాతది తీసి పక్కన పెట్టాను.”

“అయితే కానియ్.”

ఆయన అడిగిన రెండు ప్రశ్నలూ ఈ వ్యవహారం మొత్తానికి సరిపోయేవే. మొదటిదానికి జవాబు ఈసెట్ అనే భద్రతా సంస్థ 2020 ఫిబ్రవరిలో బయటపెట్టిన క్రూక్ అనే లోపంలో దొరుకుతుంది. బ్రాడ్‌కామ్, సైప్రెస్ కంపెనీల కొన్ని వైఫై చిప్‌లలో, ఫోను రౌటర్‌తో సంబంధం తెంచుకున్న క్షణంలో చిప్ తన రహస్య తాళంచెవిని తుడిచేసి అన్నీ సున్నాలు చేస్తుంది. అంతవరకు మంచిదే. కానీ పంపడానికి సిద్ధంగా ఉన్న ప్యాకెట్లు ఇంకా కొన్ని బఫర్‌లో మిగిలి ఉంటాయి. వాటిని ఆ సున్నాల తాళంతోనే మూసి గాలిలోకి వదిలేసేది. సున్నాల తాళం ఎవరైనా తీయగలరు. లోపం ఉన్న పరికరాలు 100 కోట్లకు పైనే ఉంటాయని ఈసెట్ అప్పట్లో అంచనా వేసింది. ఇలాంటిది పై పొరల్లో ఎంత జాగ్రత్తపడినా తీరేది కాదు, చిప్ ఫర్మ్‌వేరే మారాలి. తర్వాతి ఏడాది మే నెలలో ఫ్రాగ్ అటాక్స్ పేరుతో ఇంకో లోపాల గుంపు బయటపడింది. వాటిలో కొన్ని వైఫై పుట్టిన 1997 నాటినుంచి ప్రమాణంలోనే ఉన్నాయట. పనిచేస్తున్నదాన్ని కదపొద్దన్న సూత్రం సైకిలుకో ఫ్యానుకో సరిపోతుందేమో. పొరుగువాడి చెవికి అందే దూరంలో మన మాటలు గాల్లోకి వదిలే యంత్రానికి సరిపోదు.

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం. కొత్తది పడకపోతే?

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ లాంటి లినక్స్ రౌటర్ వ్యవస్థలో మొత్తం ఇమేజ్ మార్చారంటే కెర్నెల్, డ్రైవర్, చిప్ ఫర్మ్‌వేర్ మూడూ ఒక్క దెబ్బకు మారతాయి. మరునాడు వైఫై కట్ అవుతూ ఉంటే ముగ్గురిలో ఎవరిది నేరం? ఇక్కడ తొందరపడి ఛానెల్ మార్చి, పవర్ పెంచి, పాస్‌వర్డ్ పద్ధతి మార్చి, ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి, చివరికి ఎప్పుడు బాగుపడిందో ఎందుకు బాగుపడిందో తెలియకుండా పోయినవాళ్ళను చాలామందిని చూశాను. ఇమేజ్‌ని అలాగే ఉంచి చిప్ ఫర్మ్‌వేర్ ఒక్కటే పాతది పెట్టి చూడాలి. ఆ ఫర్మ్‌వేర్ ప్యాకేజీగా విడిగా, ఏథ్‌10కె చిప్‌లకైతే రెండు రకాలుగా దొరుకుతుంది. అసలు కంపెనీ ఫర్మ్‌వేర్ ఒకటి, కాండెలా టెక్నాలజీస్ అనే సంస్థ తనకున్న అనుమతితో సరిదిద్ది ఇచ్చే సీటీ ఫర్మ్‌వేర్ ఇంకొకటి. ఒకదాన్ని తీసి ఇంకోటి పెట్టి, ప్లగ్గు తీసి పెట్టి, ఒక పూట వాడి చూస్తే నేరం ఫర్మ్‌వేర్‌దా కాదా తేలిపోతుంది. తేలేదాకా మరి దేన్నీ ముట్టుకోకూడదు.

ఈ వ్యవస్థ కట్టినవాళ్ళు వెనక్కి దారి గురించి ముందే ఆలోచించారు, అది చూసినప్పుడల్లా వాళ్ళమీద గౌరవం కలుగుతుంది. ఫ్లాష్‌లో కింద ఒక పొర ఉంటుంది, రాయడానికి వీల్లేనిది. మనం చేసే మార్పులన్నీ దాని మీద ఇంకో పొరలో పడతాయి. పైనుంచి చూస్తే రెండూ కలిసి ఒకటే అనిపిస్తాయి. కొత్త ఫర్మ్‌వేర్ ఫైలు పాతదాని స్థానంలో పెట్టామనుకుంటాం. పాతది మాత్రం కింద ‘రోమ్’ అనే ఫోల్డర్‌లో చెక్కుచెదరకుండా ఉంటుంది. కావలసినప్పుడు అక్కడినుంచి తెచ్చి పెట్టుకోవడమే. ఇంకా కష్టమైతే రౌటర్ లేచేటప్పుడు బటన్ నొక్కి ఫెయిల్‌సేఫ్‌లోకి వెళ్ళొచ్చు. అప్పుడు పై పొరను పక్కనపెట్టి కింది పొరతో మాత్రమే లేస్తుంది. అదీ కుదరకపోతే పెట్టె విప్పి, బోర్డు మీద చిన్న పిన్నులు వెతికి, 3.3 వోల్టుల సీరియల్ తీగలు మూడు కలిపి బూట్‌లోడర్‌తోనే మాట్లాడొచ్చు. వోల్టేజీ పిన్నుకు మాత్రం ఏమీ తగిలించకూడదు. ప్రతి మెట్టు దగ్గరా ఇంకో మెట్టు కింద ఉంది.

లాగ్ చదవడానికీ తాల్మి కావాలి. అందులో ఎర్రర్ అని కనిపించిన ప్రతిదీ రోగం అనుకోకూడదు. ఏథ్‌10కె డ్రైవర్ చాలాకాలం పాటు ప్రతి బూట్‌లోనూ ‘ప్రీ-కాల్’ అనే ఫైలు లోడ్ కాలేదు, ఎర్రర్ మైనస్ 2 అని రాసేది. మైనస్ 2 అంటే ఆ పేరుతో ఫైలు లేదని. ఉంటే వాడుకుందామని డ్రైవర్ అడుగుతుంది, చాలా రౌటర్లలో అది ఉండనక్కర్లేదు. వైఫై దివ్యంగా నడుస్తున్నా ఆ ఒక్క వాక్యం చూసి రౌటర్ చెడిపోయిందనుకున్నవాళ్ళు ఎందరో. దానికి భిన్నంగా, బోర్డు డేటా దొరకలేదన్న వాక్యం వస్తే మాత్రం నిజంగా ఆగి చూడాలి. ‘బోర్డ్-2’ అనే ఫైలులో రకరకాల బోర్డుల వివరాలు ఒకే కట్టగా ఉంటాయి. ఫర్మ్‌వేర్ మార్చి దీన్ని మార్చకపోతే, లేదా మన బోర్డు పేరు ఆ కట్టలో లేకపోతే, రేడియో అసలు లేవకపోవచ్చు.

బాబాయి ఇంట్లో కొత్త ఫర్మ్‌వేర్ వేశాక 2.4 గిగాహెర్ట్జ్ వెంటనే వచ్చింది, 5 గిగాహెర్ట్జ్ పేరు ఫోన్‌లో కనపడలేదు. “పోయిందిరా,” అన్నారు ఆయన. “ఒక్క నిమిషం ఆగు బాబాయ్.” నిజంగా ఒక్క నిమిషమే. 5 గిగాహెర్ట్జ్‌లో 52 నుంచి 64 దాకా, 100 నుంచి 144 దాకా ఉన్న ఛానెళ్ళను చాలా దేశాల్లో రాడార్లతో పంచుకోవాలి. ఆ ఛానెల్‌లో మాట్లాడేముందు రౌటర్ కనీసం 60 సెకన్ల పాటు నోరుమూసుకుని వినాలి. రాడార్ చప్పుడు ఏదీ లేదని తేలాకే తన పేరు చెప్పుకోవాలి. పాత అమరికలో ఛానెల్ ఆటో మీద ఉండి, కొత్తదాంట్లో ఇలాంటి ఛానెల్ ఎంచుకుంటే, ఆ నిమిషం నిశ్శబ్దాన్ని జనం చావు అనుకుంటారు. కంగారుగా మళ్ళీ ప్లగ్గు తీసి పెడతారు. మళ్ళీ మొదటినుంచి 60 సెకన్లు. అలాగే దేశం కోడ్ తప్పినా ఛానెళ్ళు మాయమవుతాయి. మన దేశంలో 5 గిగాహెర్ట్జ్‌లో పెద్ద భాగాన్ని లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది 2018 అక్టోబర్‌లో. అంతకుముందు నాటి నియమాల పట్టిక పట్టుకుని కూర్చున్న రౌటర్ కొన్ని ఛానెళ్ళు మనకు లేవనే అంటుంది. ఇవేవీ ఫర్మ్‌వేర్ నేరాలు కావు. ఇంకో మాట కూడా చెప్పాలి. వాడకం పెరిగినప్పుడే కూలిపోతున్న వైఫైని ముందు ఫర్మ్‌వేర్‌తో కాక ఇంకో మంచి అడాప్టర్‌తో పరీక్షించండి. నీరసించిన అడాప్టర్ చేసే అల్లరి అచ్చం ఫర్మ్‌వేర్ లోపంలాగే కనిపిస్తుంది.

వీటన్నిటికీ వెనక్కి దారి ఉంది. లేనిది ఒక్కదానికే, దాని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడాలని ఉంది.

ఏథరోస్ చిప్‌లున్న చాలా రౌటర్లలో ఫ్లాష్ మెమరీ చివర 64 కిలోబైట్ల విభాగం ఒకటుంటుంది. దాని పేరు ఆర్ట్. ఏథరోస్ రేడియో టెస్ట్ అన్నదానికి పొడి అక్షరాలు. మీడియాటెక్ చిప్‌లున్న వాటిలో ఇదే పని చేసేదాన్ని ‘ఫ్యాక్టరీ’ అంటారు. ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే రోజు తయారైన రెండు రౌటర్లయినా వాటి రేడియోలు అచ్చంగా ఒకేలా పలకవు. సిలికాన్‌లో, ఆంప్లిఫయర్లలో, బోర్డు మీది చిన్న భాగాల్లో వెంట్రుకవాసి తేడాలుంటాయి. ఫలానా పౌనఃపున్యంలో ఇంత పవర్ అడిగితే ఈ ముక్క నిజానికి ఎంత ఇస్తోంది, వేడెక్కితే ఎంత తగ్గుతోంది అన్నది ఫ్యాక్టరీలో యంత్రానికి తగిలించి కొలిచి, దిద్దుబాటు అంకెలను ఆ విభాగంలో రాస్తారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణకు మైనం మీద మెట్లు కూర్చేటప్పుడు చెవితో విని ఏ వీణకు ఆ వీణగా మేళం కడతారు, ఒక వీణ కొలతలు ఇంకోదానికి పనికిరావు. ఇదీ అంతే. ఏథ్‌10కెతో నడిచే తొలితరం రేడియో ఒకదానికి ఈ సమాచారం మొత్తం 2116 బైట్లు. తెలుగు అక్షరం ఒక్కోటి కంప్యూటర్‌లో సాధారణంగా కనీసం మూడు బైట్లు తీసుకుంటుంది కాబట్టి, మన లిపిలో అన్ని బైట్లకు పట్టే పాఠం ఒక పేజీ కూడా నిండదు.

ఆ కాస్త పోయిందంటే మళ్ళీ తెచ్చిచ్చేవాళ్ళు ఎవరూ లేరు. కంపెనీ వెబ్‌సైట్‌లో పెట్టే ఇమేజ్‌లో అది ఉండదు. ఎందుకంటే అది మోడల్‌ది కాదు, మీ చేతిలో ఉన్న ఆ ఒక్క పెట్టెది. పక్కింటివాళ్ళ అదే మోడల్ రౌటర్‌నుంచి కాపీ తెచ్చి పెడితే రేడియో లేస్తుంది గానీ తన కొలతలు కాని కొలతలతో మాట్లాడుతుంది, పైగా రెండు పెట్టెలకూ ఒకే మ్యాక్ అడ్రస్ వచ్చి కూర్చుంటుంది. మామూలు అప్‌గ్రేడ్ ఈ విభాగం జోలికి వెళ్ళదు. ప్రమాదం వచ్చేది బూట్‌లోడర్‌లోంచి చెరిపివేత ఆజ్ఞ ఇచ్చేటప్పుడు, ఒక్క సున్నా అటూ ఇటూ అయితే. లేదా ఇంకెవరో ఇచ్చిన పూర్తి ఫ్లాష్ ఇమేజ్‌ని ప్రోగ్రామర్‌తో ఎక్కించేటప్పుడు. పోయాక లక్షణాలు చాలా మోసపూరితంగా ఉంటాయి. రౌటర్ లేస్తుంది, పేజీ తెరుచుకుంటుంది, లైట్లన్నీ వెలుగుతాయి. సిగ్నల్ మాత్రం పక్క గదికి చేరేసరికి చచ్చిపోతుంది. జనం కొత్త ఫర్మ్‌వేర్‌ని తిడతారు, పాతది వేస్తారు, అదీ అంతే, అంతకన్నా పాతది వేస్తారు. ఏది వేసినా ఒకటే, ఎందుకంటే పోయింది ఫర్మ్‌వేర్ కాదు. ఇలాంటి పెట్టెలు నా బల్ల మీదికి వచ్చినప్పుడు చాలా బాధ కలుగుతుంది. విరిగింది ఏమీ లేదు, కాలింది ఏమీ లేదు. ముందుగా ఒక చిన్న ఫైలు కాపీ చేసి ఉంచుకోకపోవడం, అంతే.

ఇదంతా మనలాంటివాళ్ళ చేతికి ఎలా వచ్చిందో కూడా కొంచెం గుర్తుచేసుకోవాలి. 2002 చివర్లో లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే నీలం, నలుపు రంగుల రౌటర్ వచ్చింది. లోపల లినక్స్ ఉందని మరుసటి ఏడాది తెలిసింది. జీపీఎల్ లైసెన్సు ప్రకారం సోర్స్ ఇవ్వాల్సిందేనని అడిగితే ఇచ్చారు. ఆ సోర్స్ మీదే 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మొదలైంది. కానీ అందులో బ్రాడ్‌కామ్ వైఫై డ్రైవర్ మాత్రం మూసిన ముద్దగానే వచ్చింది, అదీ 2.4 వరస కెర్నెల్‌కి మాత్రమే సరిపోయేట్టు. ప్రపంచమంతా 2.6కి వెళ్ళిపోయినా, వైఫై కావాలంటే ఆ రౌటర్లు ఏళ్ళతరబడి 2.4 దగ్గరే ఉండిపోవలసి వచ్చింది. మొత్తం వ్యవస్థలో మూసిన ముక్క ఒక్కటే, అది తక్కినదాన్నంతా తన దగ్గరే కట్టిపడేసింది. ఆ చిప్‌ల పని తీరును బయటినుంచి తవ్వి తీసి బీ43 అనే డ్రైవర్ రాసుకున్నారు కొందరు. ఫర్మ్‌వేర్ పంచుకునే హక్కు లేదు కాబట్టి, ఎవరికివారు కంపెనీ డ్రైవర్‌లోంచి దాన్ని కోసి తీసుకునే పనిముట్టు కూడా ఇచ్చారు. ఇటలీలోని బ్రెష్యా విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక అడుగు ముందుకేసి ఆ చిప్‌లలో కొన్నిటికి సొంత ఫర్మ్‌వేరే రాశారు.

2008లో ఏథరోస్ కంపెనీ ఏథ్‌9కె డ్రైవర్‌ని పూర్తి సోర్స్‌తో ఇచ్చింది. ఆ తరం పీసీఐ చిప్‌లకు లోపల ఎక్కించే ఫర్మ్‌వేర్ అవసరమే లేదు, పని అంతా లినక్స్ వైపే జరుగుతుంది. దాని ఫలితం తొమ్మిదేళ్ళకు కనిపించింది. వైఫైలో ఒక పాత జబ్బు ఉండేది. దూరంగా, నెమ్మదిగా ఉన్న ఒక్క పరికరం గాలి సమయమంతా మింగేసి మిగతా అందరినీ తన వేగానికి దించేసేది. టోకే హొయిలాండ్-యోర్గెన్‌సెన్, డేవ్ టాట్ తదితరులు దానికి మందు కనిపెట్టి 2017లో ప్రకటించారు. ముందు ఏథ్‌9కెలో అమర్చి చూపించారు, ఎందుకంటే వరసలో ఎవరు ముందు ఎవరు వెనక అని నిర్ణయించే చోటికి వాళ్ళ చేయి వెళ్ళగలిగింది. అదే నిర్ణయం మూసిన ఫర్మ్‌వేర్ లోపల జరిగే చిప్‌లలో ఆ స్వేచ్ఛ లేదు. డేవ్ టాట్ 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆయన పేరు ఎన్నడూ వినని ఇళ్ళలో కూడా ఈ రోజు వీడియో కాల్స్ తెగకుండా నడవడంలో ఆయన పాలు ఉంది.

దారులు మూయాలన్న ఆలోచనకూ కారణం లేకపోలేదు. అమెరికాలో విమానాశ్రయాల దగ్గరి వాతావరణ రాడార్లకు 5 గిగాహెర్ట్జ్ వైఫై అడ్డుపడిన సంగతి నిజం. అందుకే అక్కడి రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2015లో రేడియో సాఫ్ట్‌వేర్ మీద పట్టు బిగించబోయింది. కంపెనీలకు ఇచ్చిన సూచనల్లో డీడీ-డబ్ల్యూఆర్‌టీ లాంటి బయటి ఫర్మ్‌వేర్‌లు ఎక్కకుండా ఏం చేస్తున్నారని పేరుపెట్టి అడిగింది. ఇంటర్నెట్ పితామహుల్లో ఒకరైన వింట్ సర్ఫ్, డేవ్ టాట్, ఇంకా ఎందరో నిపుణులు కలిసి దానికి గట్టిగా జవాబు రాశారు. మరుసటి ఏడాది టీపీ-లింక్‌తో ఎఫ్‌సీసీ ఒక రాజీ చేసుకుంది. పవర్ నియమం మీరినందుకు కంపెనీ 2 లక్షల డాలర్లు కట్టింది, అదే ఒప్పందంలో బయటి ఫర్మ్‌వేర్‌కి దారి ఇస్తామనీ ఒప్పుకుంది. రాడార్లను కాపాడటం, మనిషి తన రౌటర్‌ని తాను దిద్దుకోవడం రెండూ పక్కపక్కన సాధ్యమేనని అది ఒప్పుకున్నట్టు.

ఈ రోజుల్లో వచ్చే ఇంకో అడ్డం, కొత్త వెర్షన్ వేశాక పాతది వేయనివ్వకపోవడం. లోపమున్న పాత వెర్షన్‌కి దొంగ దించకూడదని కంపెనీలు చెప్పే కారణం అబద్ధం కాదు. కానీ కొత్త వెర్షన్‌లో వైఫై తెగిపోతుంటే ఇంటివాడు ఏం చేయాలి? తర్వాతి వెర్షన్ ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్ళు లేరు, కొన్ని మోడళ్ళకు అసలు రాదు. నా తీర్పు నాకు స్పష్టంగా ఉంది. పెట్టెను చేతిలో పట్టుకుని బటన్ నొక్కగలిగిన యజమానికి వెనక్కి వెళ్ళే హక్కు ఉండాలి. దూరంనుంచి వచ్చే దొంగకు ఆ బటన్ అందదు. 2024 నవంబర్‌లో వచ్చిన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వన్ రౌటర్‌లో ఇది చేసి చూపించారు. రెండు వేరువేరు ఫ్లాష్ మెమరీలు, ఒక చిన్న స్విచ్. ఒకదాని మీద ఉన్నది మొత్తం పాడైనా స్విచ్ జరిపి రెండోదాంతో లేపి మొదటిదాన్ని మళ్ళీ రాసుకోవచ్చు. వచ్చినప్పుడు దాని ధర 89 డాలర్లు. దాని లోపలి మీడియాటెక్ వైఫైకి కూడా మూసిన ఫర్మ్‌వేరే కావాలి, ఆ మేరకు అది కూడా పూర్తిగా తెరిచిన పెట్టె కాదు. అయినా వెనక్కి దారి ఖరీదైన విలాసం కాదని ఆ చిన్న స్విచ్ రుజువు చేసింది.

ఏథరోస్‌ని కొనుక్కున్న క్వాల్‌కామ్‌కి హైదరాబాద్‌లో చాలా పెద్ద ఇంజినీరింగ్ కేంద్రం ఉంది. వైర్‌లెస్ చిప్‌ల పనిలో మన తెలుగువాళ్ళు అక్కడా, బెంగళూరులోనూ, శాన్ డియేగోలోనూ ఉన్నారు. వాళ్ళకు నాదొక విన్నపం. లినక్స్‌కి మీరు పంపే కొత్త ఫర్మ్‌వేర్‌తో పాటు చాలాసార్లు ఒక వెర్షన్ సంఖ్య మాత్రమే వస్తుంది, 10.2.4-1.0-00047 అన్నట్టుగా. ఏ లోపం సరిచేశారు, ఏం మారింది, ఏ చిప్‌లో పరీక్షించారు అన్నది నాలుగు వాక్యాలు రాయండి. కంపెనీ ఒప్పుకోదంటే ఒప్పుకునేదాకా అడగండి. ఆ నాలుగు వాక్యాలు లేక ఎక్కడెక్కడో ఎంతమంది ఎన్ని సాయంత్రాలు పోగొట్టుకుంటున్నారో మీకు ఆ కేంద్రంలోంచి కనిపించదు. పాత ఫైళ్ళను తీసేయకండి కూడా.

రౌటర్‌లో లినక్స్ వేసుకుని నడుపుకుంటున్న పాఠకులకు ఇంకొకటి చెప్పి ఊరుకుంటాను. ఇప్పుడు మీ వైఫై బాగా పనిచేస్తూ ఉంటే, ఈ పనికి ఇదే సమయం. ‘ప్రోక్’ కింద ‘ఎమ్‌టీడీ’ అనే పట్టిక చూడండి, ఆర్ట్ గానీ ఫ్యాక్టరీ గానీ ఉన్న వరస నంబర్ రాసుకోండి, ‘డీడీ’తో ఆ విభాగాన్ని ఫైలుగా తీయండి. ఇప్పుడు నడుస్తున్న చిప్ ఫర్మ్‌వేర్ ఫైలు, దాని వెర్షన్ కూడా దాంతోపాటు పెట్టుకోండి. రెండూ రౌటర్‌లోనే ఉంచకండి. కంప్యూటర్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి పెట్టి, పేరులో రౌటర్ మ్యాక్ అడ్రస్ చేర్చండి. కొత్తది వేయడం ఆ తర్వాతే.